గోడ లేపాలా, మోటారు కొనాలా? బుడమేరు మళ్లీ పొంగితే కాలనీగా మన చేతిలో ఏముంది?

సింగ్‌నగర్_శీను
2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా విజయవాడ సింగ్‌నగర్ మునిగిన సంగతి మర్చిపోదామన్నా మర్చిపోయేది కాదు. మా అసోసియేషన్ దగ్గర ఇప్పుడు 1 లక్షా 80 వేలు ఉన్నాయి. వానలు మొదలయ్యేలోగా ఏదో ఒకటి చేద్దామని ఆదివారం మీటింగ్ పెడితే అక్కడికక్కడే రెండు ముఠాలయ్యాయి. కాలనీ ముఖద్వారం దగ్గరా, వెనక సందులోనూ మూడడుగుల గోడ లేపి, మధ్యలో ఇనుప పలకలు దించే గేటు పెడదామని ఒకళ్లు. 5 హెచ్‌పీ డీజిల్ మోటారు కొందామని ఇంకొకళ్లు. ముందు సైడు కాలవలో పూడిక తీయిద్దామని నేనంటే "అది మన పనా? పన్నులు ఎందుకు కడుతున్నాం?" అని నోరు మూయించారు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. ఇలాంటివి చేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి. ప్రభుత్వం ఏం చేయాలో చెప్పేవాళ్లు మా కాలనీలోనే బోలెడుమంది ఉన్నారు, అది వద్దు.

మజ్జిగపులుసు
గోడ కట్టండి. వచ్చిన నీళ్లు బయటికి పోకుండా ఆగుతాయి, కాలనీకి ఈత కొలను ఫ్రీ.

కాలవగట్టు_కృష్ణ
పైనాయన నవ్వులాటకి అన్నా నిజమే అన్నాడు. మా బంధువులది రాజరాజేశ్వరిపేట. అక్కడ నీళ్లు వచ్చింది ముఖద్వారం నుంచి మాత్రమే కాదు. ముందు బాత్రూముల్లోంచి బుడబుడమని పైకి లేచాయి, ఆ తర్వాతే వీధిలో పారాయి. మీరు ముందర ఎంత గోడ కట్టినా డ్రైనేజీ గొట్టం లోపల్నుంచి తెచ్చేస్తుంది.

సింగ్‌నగర్_శీను
@కాలవగట్టు_కృష్ణ మా ఇంట్లోనూ అంతే. మరి దానికి మందేంటి?

కాలవగట్టు_కృష్ణ
ఇంటి చాంబరు నుంచి మెయిన్‌కి వెళ్లే గొట్టానికి ఎన్‌ఆర్‌వీ, అంటే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. నీళ్లు బయటికి పోతాయి గానీ వెనక్కి రావు. ఏ ప్లంబర్ని అడిగినా తెలుసు. కాకపోతే దాని మూత దగ్గర చెత్త ఇరుక్కుంటే పూర్తిగా మూసుకోదు, వానలకు ముందు ఒకసారి విప్పి కడగాలి. అంత ఖర్చు వద్దనుకుంటే పాత పద్ధతి ఉంది. మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి, మూతి కట్టి, నీళ్లు వస్తున్నాయనగానే కమోడ్‌లోనూ బాత్రూం జాలీ మీదా అదిమి పెట్టడం. రెండు మూడు సంచులు మెట్ల కింద పడేసి ఉంచుకుంటే చాలు.

ఏఈ_రిటైర్డ్
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. శీను గారి కాలనీ చూడలేదు కాబట్టి లెక్క మాత్రం చెబుతాను.

ముందు మోటారు సంగతి. ఎకరం నేల మీద అడుగు ఎత్తు నీళ్లంటే సుమారు 12 లక్షల లీటర్లు. మూడంగుళాల గొట్టంతో 5 హెచ్‌పీ డీజిల్ పంపు బాగా పనిచేస్తే నిమిషానికి వెయ్యి లీటర్లు లాగుతుంది, గంటకి 60 వేలు. అంటే ఒక్క ఎకరంలో ఒక్క అడుగు తోడడానికి 20 గంటలు. అదీ కొత్త నీళ్లు రాకుండా ఉంటే. మీ కాలనీ ఎన్ని ఎకరాలో, నీళ్లు ఎన్ని అడుగులు నిలిచాయో మీరే వేసుకోండి. పైగా తోడి ఎక్కడ పోస్తారు? చుట్టూ అదే నీరు కదా.

ఇక 2024లో జరిగింది మామూలు ముంపు కాదు. వెలగలేరు రెగ్యులేటరు నుంచి బుడమేరు నీళ్లని మళ్లించే కాలవ, బీడీసీ అంటాం, అది ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణా నదిలో కలవాలి. ఆ కాలవ ఎడమ గట్టుకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం వచ్చి రాళ్లు నింపిన గేబియన్ బుట్టలు పేర్చాల్సి వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి, బ్యారేజీ చరిత్రలోనే అంత ఎప్పుడూ లేదు. కృష్ణ అంత నిండుగా ఉన్నప్పుడు బీడీసీ నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి తంతాయి. అలాంటి వరదని మూడడుగుల గోడా ఆపలేదు, మోటారూ తోడలేదు.

కానీ ప్రతి ఏడాదీ వచ్చేది అది కాదు. రెండు గంటలు గట్టి వాన కురిస్తే మోకాలి లోతు నిలిచే నీళ్లు. దానికి మాత్రం మీ చేతిలో చాలా ఉంది, అందులో మొదటిది శీను గారు చెప్పిన పూడికే.

మజ్జిగపులుసు
ఏఈ గారూ, మీరు సర్వీసులో ఉండగా ఇంత వివరంగా చెప్పుంటే బాగుండేది 😀

ఏఈ_రిటైర్డ్
చెప్పాను బాబూ. అన్నీ ఫైళ్లలో ఉన్నాయి.

మున్నేరు_పిల్ల
మాది ఖమ్మం. అదే రోజు, సెప్టెంబరు 1న, మున్నేరు 36 అడుగులు వచ్చింది. ఇక్కడ మొదటి హెచ్చరిక 16 అడుగులకి, రెండోది 24కి. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే చివరికి ఒక జేసీబీ డ్రైవరు వెళ్లి తెచ్చాడు, ఆ వీడియో అందరూ చూసే ఉంటారు.

ఆ తర్వాత మా వీధిలో చేసిన పని ఒక్కటే. పైన మహబూబాబాద్ వైపు వాగు పక్క ఊళ్లలో ఉండే చుట్టాలు, స్నేహితులు, పాలు పోసేవాళ్లు, వీళ్లందరినీ ఒక గ్రూపులో వేశాం. వాన పడితే వాళ్లు వాగు ఫోటో పెడతారు. అక్కడ పొంగితే ఇక్కడికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి సామాను పైకెక్కించే టైం దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు. గ్రూపులో గుడ్ మార్నింగ్ పెట్టినోళ్లని తీసేస్తం అని మాత్రం రూలు.

సింగ్‌నగర్_శీను
ఈ ఐడియా బాగుంది అక్కా. వెలగలేరు దగ్గర ఏం జరుగుతోందో మాకు టీవీలో చూసేదాకా తెలియలేదు.

గోదారిగట్టు_రాజు
భద్రాచలంలో చిన్న పిల్లాణ్ని అడిగినా చెబుతాడు, 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 2022 జులైలో 71.3 వచ్చింది, 1986లో 75.6. మాకు గోదారి అంటే అంకెలే. ఫలానా అంకె దాటితే ఫలానా కాలనీ ఖాళీ చేయాలని ఇళ్లలో ఆడవాళ్లకే ముందు తెలుస్తుంది. విజయవాడలో కృష్ణకి ఉన్నట్టు బుడమేరుకి అలాంటి అంకె జనం నోట్లో లేదు. అదే అసలు లోటు.

గోడ గురించి కూడా ఒక ముక్క. 1986 తర్వాత మాకు కరకట్ట కట్టారు. అది లేకపోతే ఊరు లేదు. కానీ గోదారి పెరిగినప్పుడు కరకట్ట తూములు మూసేస్తారు. అప్పుడు ఊళ్లో కురిసిన వాన ఎటు పోతుంది? గుడి దగ్గర విస్తా కాంప్లెక్స్ వైపు వచ్చి నిలుస్తుంది, మోటార్లు పెట్టి కరకట్ట అవతలికి తోడాలి. కాబట్టి గోడా మోటారూ వేరు వేరు కాదు. గోడ కడితే మోటారు కూడా కొనాల్సిందే, 1.80లో రెండూ రావు.

నాలా_పక్కిల్లు
హైదరాబాద్. 2020 అక్టోబరులో మా కింది అంతస్తు మునిగింది. గోడ గురించి గోదారి రాజు అన్న చెప్పింది ఒకటైతే, నేను చెప్పేది ఇంకొకటి. మా పక్క కాలనీ వాళ్లు గేటు దగ్గర ర్యాంపు ఎత్తు చేసుకుని, చుట్టూ గోడ లేపారు. వాళ్ల నీళ్లు ఆగాయి. ఆ నీళ్లు ఎక్కడికి పోయాయనుకున్నారు? మా సెల్లార్లోకి. ఇప్పుడు రెండు కాలనీల మధ్య పలకరింపులు లేవు, పోలీసు స్టేషన్ దాకా పోయింది. గోడ కడితే మీ కాలనీ బాగుపడొచ్చు. పక్కోడి ఉసురు మాత్రం తగులుతుంది.

ఓరుగల్లు_వాసి
రోడ్ల సంగతి ఎవరూ అనట్లేదేంది? హన్మకొండల మా వీధికి నేను చూస్తుండగనే మూడుసార్లు సీసీ రోడ్డు పడ్డది. పాతది తవ్వకుండ దాని మీదనే పోసుడు. మా ఇంటికి మొదట్ల నాలుగు మెట్లు ఎక్కి పోయేటోళ్లం, ఇప్పుడు ఒక మెట్టు దిగి పోవాలె. వాన నీళ్లకు మేం చెప్పాల్నా, అదే ఇంట్లకు వస్తది. కాలనోళ్లు ఏకమై చేయాల్సిన పని ఏందంటే, కాంట్రాక్టరు మిక్సరు దించిన పొద్దు అడ్డం నిలవడి "పాతది తీసి పోయి, లెవల్ పెంచకు" అనాలె. మేం కిందటిసారి అట్లనే ఆపినం. అయిదంగుళాలు గీకించినం.

ఏఈ_రిటైర్డ్
@ఓరుగల్లు_వాసి నూటికి నూరుపాళ్లు. ముంపు తగ్గించడంలో ఇంత చౌక పని ఇంకొకటి లేదు. రోడ్డు మట్టం ఇంటి గచ్చు కంటే కిందే ఉండాలి, కాలవ రోడ్డు కంటే కిందుండాలి. ఇంత చిన్న సంగతి కోసం కొట్లాడాల్సి రావడమే దారుణం.

లాయరమ్మ
పూడిక "మన పని కాదు" అన్నవాళ్లతో సగం ఏకీభవిస్తాను. డబ్బులిచ్చి మీరే తీయించేస్తే వచ్చే ఏడాది కూడా మీ నెత్తినే పడుతుంది. దానికంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ వార్డులో కిందటేడు పూడికతీతకి వేసిన ఎస్టిమేటు, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్ నకలు అడగండి. ఎన్ని మీటర్ల పొడవు, ఎంత లోతు తీశారని రాసుకున్నారో అందులో ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని, టేపు పట్టుకుని కాలవ వెంట నడవండి. ఆ తర్వాత సోమవారం అర్జీల రోజున వెళ్తే మాట వేరుగా ఉంటుంది.

కాలవగట్టు_కృష్ణ
జవాబు ఇవ్వడానికి 30 రోజులు గడువుంటుంది మేడమ్. అప్పటికి నైరుతి వచ్చేస్తుంది. ఈ ఏడాదికి చేతులతో తీసుకుని, వచ్చే ఏడాదికి కాగితాలతో కొట్టాలి.

లాయరమ్మ
సరే, రెండూ చేయండి. కాగితం మాత్రం ఇవాళే వేయండి, మీటింగ్ అయ్యాక అనుకుంటే పడదు.

పచ్చనిచెట్టు
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఇంకుడు గుంతల మాట ఒక్కరూ ఎత్తలేదు! ప్రతి ఇంటికీ ఒక గుంత ఉంటే రోడ్డు మీదికి చుక్క రాదు. ప్రకృతితో పోరాడడం మానేసి...

ఏఈ_రిటైర్డ్
గుంతలు మంచివే. కానీ లెక్క చూడండి. 200 గజాల ఇల్లు, డాబా మీద 20 సెంటీమీటర్ల వాన పడితే 33 వేల లీటర్లు. ఆరడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వి కంకర నింపితే అందులో పట్టేది రెండున్నర వేల లీటర్ల లోపే. మిగతాది రోడ్డు మీదికే. భూగర్భ జలానికి గుంత కావాలి, వరదకి చాలదు. పైగా విజయవాడలో ఈ కాలనీలున్నది నల్లమట్టి నేల. వానాకాలంలో నాలుగు గడ్డపారలు దింపితే నీళ్లు కనబడతాయి, ఇంక ఇంకేది ఎక్కడికి?

పచ్చనిచెట్టు
మా కర్నూలు వైపు బాగా పనిచేస్తాయండీ.

ఏఈ_రిటైర్డ్
పనిచేస్తాయి, ఎందుకు చేయవు. నేలని బట్టి.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ ఇల్లు కొనేముందు ఆ స్థలం ఏ ఫ్లడ్ జోన్‌లో ఉందో మ్యాపులో చూసుకుంటాం. 2017లో హార్వే తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్‌లో మా ఫ్రెండు వాళ్ల ఇల్లు మునిగింది. మామూలు ఇంటి ఇన్సూరెన్సు వరదకి వర్తించదు ఇక్కడ, విడిగా తీసుకోవాలి. వాళ్లు తీసుకోలేదు. అసలు బుడమేరు దారిలో ఇళ్లెందుకు కట్టారు, పర్మిషన్లు ఎవరిచ్చారు అన్నది ముందు అడగాలి.

మజ్జిగపులుసు
బాబాయ్, ఇక్కడా మ్యాపు ఉంటుంది. బ్రోకరు జేబులో.

వాంబే_కాలనీ_బిడ్డ
@డల్లాస్_బాబాయ్ మాకు ఇళ్లు ఇచ్చింది ప్రభుత్వమే. పట్టా ఉంది, కరెంటు మీటరు ఉంది, ఇంటి పన్ను రసీదు ఉంది. ఏరు దారిలో ఉన్నారని ఇప్పుడు మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూస్తే ఎలా? వరద వచ్చినప్పుడు మేం మెడ లోతు నీళ్లలో పాల ప్యాకెట్ కోసం నిలబడ్డాం. ప్రైవేటు పడవ వాళ్లు మనిషికింత అని అడిగారు. డ్రోన్లు అన్నం పొట్లాలు వేసినచోట డాబా ఉన్నవాళ్లకి అందాయి, రేకుల ఇళ్లవాళ్లకి ఎవరు వేస్తారు? గోడ, మోటారు, ఎన్‌ఆర్‌వీ అంటూ మాట్లాడుకుంటున్నారు గానీ కిందింట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మని ఎవరు పైకి తీసుకెళ్తారు అన్నది ముందు రాసుకోండి.

చెన్నపట్నం_పద్మ
ఈ మాట మీద నిలబడండి అందరూ. 2015 డిసెంబరు చెన్నై వరదలప్పుడు మేం అడయారు నదికి దగ్గర్లో ఉండేవాళ్లం. రాత్రి నీళ్లు వచ్చాయి, ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. జాలర్లు పడవలేసుకుని రాకపోతే మా వీధిలో చాలామంది లేరు. అప్పట్నుంచి మా అపార్ట్‌మెంట్లో ఒక లిస్టు ఉంది. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, నెలలు నిండినవాళ్లు, మంచం దిగలేనివాళ్లు. ఒక్కొక్కరికి ఎదురింటివాళ్లు ఇద్దరు బాధ్యులు. ఫోన్లో కాదు, కాగితం మీద రాసి లామినేషన్ చేసి మెట్ల దగ్గర తగిలించాం. మా అత్తగారు "నన్నెందుకు లిస్టులో వేశారు, నాకేం తక్కువ" అని నెలరోజులు అలిగారు, అది వేరే కథ.

సింగ్‌నగర్_శీను
@వాంబే_కాలనీ_బిడ్డ మీరన్నది మీటింగులో మొదటి పాయింటుగా పెడతాను. మా కాలనీలో పై అంతస్తులు ఉన్నవాళ్లు, లేనివాళ్లు సగం సగం. ఎవరింట్లో ఎవరు ఉండాలో ముందే అనుకుంటే ఆ రాత్రి తలుపులు కొట్టుకుంటూ తిరగక్కర్లేదు.

దివి_మాస్టారు
మాది దివిసీమ. 1977 నవంబరు 19 తుఫాను, ఉప్పెన నేను చూసినవాణ్ని. పదివేలమందికి పైగా పోయారు. ఆ తర్వాత తీరంలో తుఫాను షెల్టర్లు వచ్చాయి. భవనాలు ఒకటే కాదు, "ఎప్పుడు బయల్దేరాలి" అన్నది జనానికి అలవాటైంది. మొదట్లో ఎవరూ కదిలేవారు కాదు. గొడ్లని వదిలి రామనేవారు. గొడ్లకి పలుపులు విప్పేసి రమ్మని చెప్పడం మొదలెట్టాక కదిలారు. మీ దగ్గర గొడ్ల బదులు బైకులు, ఫ్రిజ్‌లు. వాటి సంగతి ముందు తేల్చకపోతే మనిషి ఇల్లు కదలడు.

కాలవగట్టు_కృష్ణ
మాస్టారు చెప్పిన బైకుల మీద: బండ్లు ఎత్తైన చోటకి ముందురోజే చేర్చాలి. మునిగిన కారుని ఎట్టి పరిస్థితుల్లో స్టార్ట్ చేయొద్దు, ఇంజిన్‌లోకి నీళ్లు లాగేసి పూర్తిగా పోతుంది. అప్పుడు ఇంజిన్ కవర్ యాడ్ఆన్ లేకపోతే మామూలు ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు.

లాయరమ్మ
ఇన్సూరెన్సు అన్నారు కాబట్టి: డల్లాస్ బాబాయ్ గారి దగ్గరిలా కాదు, మన దగ్గర "భారత్ గృహ రక్ష" అని 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ కంపెనీలూ అమ్మే ఇంటి పాలసీ ఉంది. అందులో వరద, ముంపు కలిసే ఉంటాయి. 2024లో ప్రభుత్వ పరిహారంగా కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ఇచ్చారు. ఒక ఫ్రిజ్, ఒక వాషింగ్ మెషీన్, రెండు పరుపులకి అది సరిపోయిందా?

వాంబే_కాలనీ_బిడ్డ
మెషీన్ ఉన్నవాళ్లని అడగండి మేడమ్ 🙂

ఓరుగల్లు_వాసి
హహ. గట్టిగనే ఇచ్చింది.

సింగ్‌నగర్_శీను
రెండో మీటింగ్ అయింది. గోడ బ్యాచ్‌కి ఏఈ గారి పోస్టూ, నాలా_పక్కిల్లు గారి పోలీసు స్టేషనూ చదివి వినిపించాను. ఇద్దరు అలిగి వెళ్లారు, మిగతావాళ్లు ఒప్పుకున్నారు. మోటారు కొనడం లేదు, కావాలంటే అద్దెకి తెచ్చుకుంటాం. పొద్దున నలుగురం కాలవ వెంట చివరిదాకా నడిచాం. మూడో సందు చివర తూము దగ్గర ఆగిపోయాం. తూముకి అడ్డంగా మంచినీళ్ల గొట్టం పోతోంది, పక్కనే రెండు కేబుళ్లు. వాటికి పాల కవర్లు, పాత చీర ముక్క, కొబ్బరి డొక్కలు, ఎవరిదో దిండు, గుర్రపుడెక్క, అన్నీ అల్లుకుపోయి సగం నోరు మూసుకుపోయింది. పైనుంచి చూస్తే కాలవ నిండా నీళ్లున్నట్టుంది, అవతలి వైపు అడుగు కూడా లేవు. ఇన్నేళ్లూ పైన కాలవ తవ్వించినవాళ్లు ఎవరూ ఆ తూములోకి తొంగి చూడలేదు.

ఏఈ_రిటైర్డ్
ఇదిగో, మీ ముంపు సగం అక్కడే ఉంది. గొట్టాన్ని మీరు ముట్టుకోవద్దు. ఫోటోలు తీసి, తూము పైన కింద నీటి మట్టం తేడా టేపుతో కొలిచి, ఆ అంకెలతో అర్జీ ఇవ్వండి. గొట్టం పక్కకి మార్చడం వాళ్ల పని. చెత్త లాగడం మాత్రం ఇవాళే చేయొచ్చు. తూములోకి మనిషిని దింపకండి. లోపల గ్యాసు ఉంటుంది, ప్రాణాలు పోతాయి. బయటనుంచి కొక్కెం కర్రతో లాగించండి.

పాయకాపురం_రమణ
శీను గారూ, ఆ తూము అవతల ఉన్నది మేమే. మీరు లాగితే ఆ చెత్తంతా మా కాలవలోకి కొట్టుకొస్తుంది, ముందే చెబుతున్నాను. ఇంకోటి, తీసిన బురద గట్టు మీద కుప్పలు పోసి వదిలేయకండి. ప్రతిసారీ అదే జరుగుతుంది, మొదటి వానకే మళ్లీ కాలవలోకి జారుతుంది. తీసిన రోజే ట్రాక్టరెక్కాలి.

సింగ్‌నగర్_శీను
ట్రాక్టరు మా డబ్బులతో పెడతాం. మీ వైపు తూము నోటికి వల కట్టించండి, కొట్టుకొచ్చింది అక్కడ ఆగుతుంది. శనివారం ఉదయం ఆరింటికి. మీ వైపు నుంచి ఎంతమంది వస్తారు?

పాయకాపురం_రమణ
పదిమందిని తెస్తాను. బురద పోసేది ఎక్కడో తేల్చారా? మా స్కూలు పక్క ఖాళీ స్థలం మాత్రం కాదు.

మున్నేరు_పిల్ల
ఎండనివ్వకుండా ఎక్కిస్తే ట్రాక్టరు దారి పొడుగునా కారుస్తుంది. ట్రాలీలో టార్పాలిన్ పరిచి ఎక్కించండి. మా వీధిలో అలా చేయక వారం రోజులు బండ్లు జారాయి.

సింగ్‌నగర్_శీను
టార్పాలిన్ రాసుకున్నా. స్థలం కోసం వార్డు ఆఫీసుకి రేపు నేనూ రమణ గారూ కలిసి వెళ్తున్నాం.